నిజాంపేట మేడ మీద నుంచి పిల్లలకోడి ఫొటో వస్తుందా?

ప్రశ్న (నిజాంపేట):
మా నాయనమ్మకి పోయిన నెల కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కరీంనగర్ దగ్గర ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. మొన్న రాత్రి మేడ మీద చాలాసేపు పైకి చూసి, "పిల్లలకోడి కనిపిస్తలేదురా, ఆపరేషన్ సరిగ్గ కాలేదేమో" అంది. కృత్తికల్ని మా ఊళ్లో అలాగే అంటారు. కన్ను బాగానే ఉందని డాక్టర్ చెప్పినా ఆమెకు టెన్షన్ తగ్గట్లేదు. నిజానికి నాకూ కనిపించలేదు.

ఫొటో తీసి చూపిద్దామని పాత క్రాప్ సెన్సర్ కెమెరాకి 50 ఎంఎం లెన్స్ పెట్టి, ట్రైపాడ్ మీద 30 సెకన్లు తెరిచాను. ఫొటో అంతా టీ రంగు, చుక్కలన్నీ గీతలు. పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంక్ మీద ఫ్లడ్‌లైట్ ఒకటి. ఊరి వెలుగును ఆపే ఫిల్టర్ కొనాలా? చీకటి ఆకాశం కోసం నాయనమ్మని వికారాబాద్ దాకా తీసుకెళ్లలేను.

జవాబు (ఉప్పల్):
ఫిల్టర్ కొనకు తమ్ముడూ. పాత సోడియం దీపాల పసుపు వెలుగును అవి బాగా ఆపేవి. ఇప్పుడన్నీ తెల్ల ఎల్ఈడీలు. వాటిలో అన్ని రంగులూ ఉంటాయి, ఆపబోతే చుక్కల వెలుగూ పోతుంది.

నీ లెన్స్‌కి ఆరేడు సెకన్లు దాటితే చుక్క సాగుతుంది. 4 సెకన్లు పెట్టు, ఐఎస్ఓ 800, ఎఫ్ 2.8, రా ఫార్మాట్. అలా 100 తీసి సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫొటోగా కలుపు, ఉచితమే. నాయిస్ దాదాపు పదో వంతుకు పడిపోతుంది. మిగిలిన టీ రంగును ఆ తర్వాత ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చు.

అసలు కష్టం ఫోకస్. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మొద్దు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) కృత్తికల దగ్గర మెరిసే రోహిణి చుక్కని పెద్దది చేసి చూస్తూ, బఠాణీ గింజంత ఉన్న చుక్క ఆవగింజంత అయ్యేదాకా రింగ్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పు. అయ్యాక రింగ్‌కి టేప్ వేసెయ్.

డిసెంబర్ నడుమ రాత్రి పదిన్నరకి కృత్తికలు మనకి దాదాపు నడినెత్తికి వస్తాయి. ఊరి వెలుగు తక్కువగా ఉండేది అక్కడే. చంద్రుడు లేని రాత్రి చూసుకో.

జవాబు (బేగంపేట):
మా పేటలోని నిజామియా అబ్జర్వేటరీ ఒకప్పుడు ఇక్కడి నుంచే గాజు ప్లేట్ల మీద లక్షల చుక్కల్ని ఫొటోలు తీసి, అంతర్జాతీయ నక్షత్ర పట్టికకు ఇచ్చింది. ఊరు పెరిగాక ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోప్‌ని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఆ ఫ్లడ్‌లైట్ గురించి పక్కవాళ్ల అసోసియేషన్‌ని అడగండి. ఆర్పమని కాదు, నేలవైపు వంచమని. మా దగ్గర అడిగిన వారానికే వంచారు.

జవాబు (అల్వాల్):
బాబూ, ఫొటో సంగతి తర్వాత. ముందు 7x50 బైనాక్యులర్ ఎవరినైనా అడిగి తెచ్చి ఆమె చేతికివ్వు. ఊళ్లో నుంచైనా కృత్తికలు అందులో చక్కగా కనిపిస్తాయి. కుర్చీలో వెనక్కి వాలి కూర్చోమను, మెడ పట్టేయదు.

నిజాంపేట:
నిన్న కుదిరింది. 100లో 92 ఫ్రేములు పనికొచ్చాయి, ఆరు చుక్కలు సూదిమొనల్లా వచ్చాయి. ఆ చుక్కలు దాదాపు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయట. అంటే నా కెమెరాలో పడింది చార్మినార్ కట్టిన కాలంలో బయల్దేరిన వెలుగు.

నాయనమ్మ ఫొటో చూసి ఏమీ అనలేదు. బైనాక్యులర్ ఇస్తే, ముందు ఎడమ కన్ను మూసుకుని ఆపరేషన్ అయిన కంటితోనే చూసింది. "కోడి ఉంది. పిల్లలు కూడా" అంది.