అప్‌డేట్: గోపాల్‌పూర్ బీచ్ నుంచి వచ్చాక బాబు పాదం మీద పాకిన ఎర్ర గీత

పోయిన నెల అడిగాను కదా, గోపాల్‌పూర్ ఇసుకలో ఆడి బరంపురం తిరిగొచ్చిన నాలుగు రోజులకి మా బాబు పాదం పక్కన మెలికలుగా ఎర్ర గీత తేలింది, రాత్రంతా దురదతో ఏడుస్తున్నాడు అని. తామర కాదు. మందుల షాపులో ఇచ్చిన తామర ఆయింట్‌మెంట్ పది రోజులు రాసి టైం వేస్ట్ చేసుకున్నాను. మీలో ఒకరు చెప్పినట్టు గీత చివర బాల్‌పెన్‌తో చుక్క పెట్టి చూస్తే, మర్నాటికి చుక్క దాటి గోరు వెడల్పు ముందుకెళ్లింది! నాకు ఒళ్లు జలదరించింది.

చర్మం డాక్టర్ గారు చూడగానే చెప్పేశారు, కుక్కల కడుపులో ఉండే హుక్‌వార్మ్ అనే పురుగు అట. కుక్క మలంతో గుడ్లు ఇసుకలో పడతాయి, తేమా నీడా ఉంటే లార్వాలై వట్టి కాళ్లకి దొరికితే చర్మంలోకి దూరతాయి, కానీ మన ఒంట్లో పెద్ద పురుగు కాలేక పైపొరలోనే దారి తెలీకుండా తిరుగుతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటదు. రక్తపరీక్ష కూడా అక్కర్లేదన్నారు. నులిపురుగులకి వాడే ఆల్బెండజోల్ మందు మూడు రోజులు ఇచ్చారు, వారంలో గీత ఆగి ఎండిపోయింది.

ఇప్పుడు తలుచుకుంటే, వాడు ఆడింది పడవ నీడన, కుక్కలు పడుకునే చోటే. ఎండ తగలకూడదని అక్కడ కూర్చోబెట్టింది నేనే. మొన్న మళ్లీ వెళ్తే అలలు కడిగే తడి ఇసుక దగ్గరే ఆడించాను, చెప్పులు విప్పనివ్వలేదు. వాళ్ల నాన్నమ్మ మాత్రం ఇంకా దిష్టే అంటోంది.