కోర్టు వార్తలు రాయడానికి కోర్టు ఇచ్చే కార్డు ఉండాలా?

చదువరి:
సుప్రీంకోర్టులో విలేకరికి అక్రిడిటేషన్ (కోర్టు ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలంటే లా డిగ్రీ ఉండాలన్న నిబంధనను 2024 అక్టోబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ సడలించారు. మంచి పనే. కానీ తలుపులు తెరిచి జరిపే విచారణ గురించి రాయడానికి అసలు కార్డు ఎందుకు?

నల్లకోటు:
ఉండాల్సిందే. వాదనల మధ్య జడ్జి వేసిన ప్రశ్నను తీర్పుగా రాసేస్తున్నారు. బెయిల్ రాగానే ‘నిర్దోషి’ అని స్క్రోలింగ్ వేస్తున్నారు. అత్యాచారం కేసులో పేరు రాయరు, కానీ ఊరు, తండ్రి ఉద్యోగం, చదివే కాలేజీ అన్నీ రాస్తారు. ఇక దాచిందేముంది? ఆ అమ్మాయి మళ్లీ వీధిన పడుతుంది. శిక్షణ, అనుభవం చూసి లోపలికి పంపితే తప్పేంటి?

పాత విలేకరి:
నల్లకోటు గారూ, మీ బాధ నిజం. దానికి మందు మాత్రం కార్డు కాదు. బాధితురాలిని గుర్తుపట్టేలా రాస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. కార్డు ఉన్నా లేకున్నా అంతే. విచారణను ఉన్నదున్నట్టు రాస్తే ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ ఎవరికైనా ఉంది, విలేకరి అయ్యుండాలని లేదు.

నా భయం వేరు. ఎవరి పని గురించి రాస్తున్నామో వాళ్లే రాసేవాళ్లను ఎంచుకుంటే ఎలా? నచ్చని వార్త రాసినందుకు రెన్యువల్ ఆపరని హామీ ఏది? 2021లో ఎన్నికల సంఘంపై మద్రాసు హైకోర్టు నోటిమాటగా చేసిన వ్యాఖ్యలను మీడియా రాయకుండా ఆపమని ఆ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ స్వేచ్ఛ కార్డు ఉన్నవాళ్లకే దక్కకూడదు.

మండల విలేకరి:
అన్నా, కార్డు లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. పిటిషన్ కాపీ అడిగితే ‘మీరెవరు?’ అంటారు. చివరికి వరండాలో దొరికిన లాయరు చెప్పిందే వార్త. అవతలి పక్షం వాదన సగం కూడా రాదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణను 2022 సెప్టెంబరు నుంచి లైవ్‌లో చూస్తున్నాం గానీ, కింది కోర్టుల్లో చాలాచోట్ల మనిషి వెళ్లి కూర్చోవాల్సిందే.

కార్డు సీటుకు, కాపీలకు మాత్రమే ఉండాలి. రాసే హక్కుకు కాదు. ఇవ్వనంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలు వినే కమిటీలో విలేకరులూ ఉండాలి.

నల్లకోటు:
ఈ షరతులకు నేను సరే. కానీ బాధితురాలి వివరాలు బయటపెట్టినవాళ్ల కార్డు రద్దు చేయాలి. అక్కడ రాజీపడను.