అప్‌డేట్: అలబామా హిల్స్‌కి వెళ్లొచ్చాం

లాస్ ఏంజెలెస్ నుంచి రెండు రోజుల్లో పిల్లలతో ట్రౌట్ (చల్లటి నీళ్లలో ఉండే చేప) గాలం, ఎడారి రెండూ కుదురుతాయా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. కాలిఫోర్నియాలోని అలబామా హిల్స్ అనే రాతిగుట్టల దగ్గర కుదిరాయి! వాటి పక్కనున్న లోన్ పైన్ ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. కాలిఫోర్నియాలో 16 ఏళ్లలోపు పిల్లలకి ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. మా ఇద్దరికీ ఒక్కరోజు లైసెన్స్ తీసుకున్నాం.

లోన్ పైన్ క్రీక్ చిన్న వాగే, కానీ మంచు కరిగిన నీళ్లు, చెయ్యి పెడితే జివ్వుమంటుంది. మొదటి రెండు గంటలూ గాలం పొదలకే తగులుకుంది. మా ఆయన మొహం చూడాలి! చివరికి మా పాపకే జానెడు రెయిన్‌బో ట్రౌట్ పడింది. పొలుసు గీకే పని లేదు. పసుపు, ఉప్పు, కారం పట్టించి అక్కడే పెనం మీద వేయించాం. నలుగురికీ తలో ముక్క.

మర్నాడు పొద్దున్నే మోబియస్ ఆర్చ్ అనే రాతి తోరణానికి నడిచాం. ఆ రాతి కంతలోంచి 4,421 మీటర్ల విట్నీ శిఖరం కనిపిస్తుంది. అలబామా హిల్స్ కేంద్ర ప్రభుత్వ భూమి, 2019లో నేషనల్ సీనిక్ ఏరియా (అందం కోసం కాపాడే ప్రాంతం) అయింది. టెంట్ ఎక్కడపడితే అక్కడ వేయకూడదు, పర్మిట్ ముందే తీసుకోండి. నీళ్లు మాత్రం రెట్టింపు పట్టుకెళ్లండి, మాకు చాల్లేదు.