సమస్య: కుంచె ముట్టకుండఁ గురువు గీసె

ఈసారి సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. బొమ్మలు నేర్పే గురువు మీదే రాయాలి. విశాఖ మిత్రులు ముందుగా అందుకోవాలని నా కోరిక.

గాజువాక మాస్టారు:

కడలి యలకుఁ దడిసి గట్టిపడ్డ యిసుక
పలక యాయె, వ్రేల పడవ లేచె,
పిల్లలెల్లఁ జూచి బిత్తరపోయిరి;
కుంచె ముట్టకుండఁ గురువు గీసె.

నిర్వాహకుడు: గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే అక్షరాలు) సరిపోయాయి. ఆర్కే బీచ్ తడి ఇసుక కళ్లకు కట్టింది. కానీ మాస్టారూ, కుంచె స్థానంలో వేలు వచ్చిందంతే. ఆ పడవ ఎవరు గీసినా పద్యం మారదు, గురువు ఏం నేర్పాడో తెలియలేదు.

సీతమ్మధార సోదరి (చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని తలచుకుని):

రాజమండ్రి యందు రంగుల బడి పెట్టి
శిష్యకోటి చేతఁ జేవ నింపి
తాను పోయి వారి తలపుల నిలుచుండి
కుంచె ముట్టకుండఁ గురువు గీసె.

నిర్వాహకుడు: అమ్మా, మూడో పాదం దగ్గర గుండె పట్టేసింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర గుర్తించి ప్రోత్సహించిన కుర్రాడు, బొంబాయి జేజే చిత్రకళా స్కూల్లో చదివి వచ్చి, సొంత ఊళ్లో బడి పెట్టాడు. 1925లో మశూచి సోకి పోయేనాటికి ఇరవై ఏడేళ్లే. బడిని వరదా వెంకటరత్నం గారు నిలబెట్టారు. మీ 'తాను పోయి' అన్న మాటకు అంత బరువు అందుకే.

ఒక్క 'శిష్యకోటి' మాత్రం నప్పలేదు. ఆయన చుట్టూ కుంచె పట్టినవాళ్లు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితులు. 'చెలిమికాండ్ర చేతఁ జేవ నింపి' అంటే యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

పెదవాల్తేరు తమ్ముడు:

నీడ నలుపు కాదు, నీలము చూడంచుఁ
గన్ను తెఱచె నాకుఁ గడలి చెంత;
నాదు చేయి వీడి నా చూపు సవరించి
కుంచె ముట్టకుండఁ గురువు గీసె.

గాజువాక మాస్టారు: తమ్ముడూ, నీడ నీలమేమిటి? యతి కోసమా?

పెదవాల్తేరు తమ్ముడు: కాదండీ. ఫిషింగ్ హార్బర్‌లో మిట్టమధ్యాహ్నం తెల్లరంగు వేసిన బోటు పక్కన నిలబడి చూడండి. నీడపడ్డ వైపు ఎండ తగలదు, ఆకాశం వెలుగే పడుతుంది. అందుకే ఆ తెలుపు నీలంగా తేలుతుంది. మా సారు నా కాగితం మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. 'ఇంకోసారి చూడరా' అనేవారు, నేనే దిద్దుకునేవాణ్ణి.

నిర్వాహకుడు: ఈ వారం మొదటి పూరణ ఇదే. 'చేయి వీడి' అన్నచోటే సమస్య విడిపోయింది. సోదరి పద్యం సవరించిన రెండో పాదంతో దీని పక్కనే ఉంచుతున్నాను.