అప్‌డేట్: అమ్మ తలలో రక్తస్రావానికి కారణం దొరికింది

పోయిన వారం అడిగాను కదా, అమ్మకి ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చి, సీటీలో మెదడు చుట్టూ రక్తం కనిపించిందనీ, సీటీ యాంజియోలో (రక్తనాళాలను చూపే స్కాన్‌లో) మాత్రం ఏమీ తేలలేదనీ, మళ్ళీ డీఎస్‌ఏ (రక్తనాళంలోకి గొట్టం పంపి చేసే పరీక్ష) అవసరమా అనీ. చేయించమన్న వాళ్ళందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

మణికట్టు రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రేలో నాళాలు కనిపించేలా చేసే మందు వదులుతూ ఎక్స్‌రేలు తీశారు. డాక్టరుగారు తెర మీద చూపించారు: నాళం రెండుగా చీలే చోట కందిగింజంత కూడా లేని బుడగ. 2 మిల్లీమీటర్లు. అన్యూరిజం. దెబ్బ తగలకుండా ఇలా రక్తం కారితే నూటికి సుమారు 80 మందిలో కారణం ఇదేనట. మరీ చిన్నవైతే సీటీ యాంజియోకి అందకపోవచ్చట.

మర్నాడే ఆపరేషన్ చేసి, ఆ బుడగలోకి రక్తం వెళ్ళకుండా దాని మొదట్లో క్లిప్ పెట్టారు. తర్వాత మెదడుకి రక్తం అందక దెబ్బతినకుండా నిమోడిపిన్ అనే మందు 21 రోజులు, 4 గంటలకోసారి.

నిన్న కళ్ళు తెరిచి, "తిన్నావా నాన్నా?" అంది.