గోల్ఫ్ టోర్నీలో మనోణ్ణి నాలుగు రోజులు ఎట్ల ఫాలో కావాలె? (ఇంట్ల కూసోని, కోర్సు మీద కూడా)

హన్మకొండ_చౌరస్తా:

అన్నలూ, అక్కలూ, రెండు సంగతులు అడగాలె.

ఒకటి, మన మూలాలున్న గోల్ఫర్లు సాహిత్ తీగల, అక్షయ్ భాటియా ఆడే అమెరికా టోర్నీలు ఇక్కడ్నుంచి చూస్తున్న. టీవీల ఎప్పుడు చూసినా ముందున్న నలుగురైదుగురే. మనోడు నలభయ్యో స్థానంల ఉంటే మొఖం గూడ కనపడదు. సరే అని లీడర్‌బోర్డు తెరిస్తే ఎర్ర అంకెలు, చుక్క గుర్తులు, అంకె ముందట టీ, పక్కన ఎఫ్. రాత్రి 12వ స్థానంల ఉన్నోడు పొద్దున చూసేసరికి 31కి పడిపోయిండు, ఒక్క షాట్ గూడ కొట్టలే. ఇదేం లెక్క?

రెండోది, ఈసారి ఇండియన్ ఓపెన్‌కు గురుగ్రామ్ పోదామని ఉన్నది. నాన్న గూడ వస్తడు, ఆయన మోకాళ్లు అంతంత మాత్రమే. ఒకే ఆటగాణ్ణి పట్టుకొని 18 హోల్స్ నడవాల్నా? ఎక్కడ నిలబడాలె, ఏం చెయ్యొద్దు? వివరంగ చెప్పున్రి.

కాజీపేట_లోకోషెడ్:

తమ్మీ, ముందు నీ 12, 31 సంగతి. స్థానం చూడకు, ఎన్ని హోల్స్ ఆడిండో చూడు. గురు, శుక్రవారాల్ల ఆటగాళ్లు రెండు విడతలుగ దిగుతరు. పొద్దటి విడత, మధ్యాహ్నం విడత. మనోడు పొద్దటి విడతల 3 అండర్ (పార్ కంటే, అంటే కోర్సుకు పెట్టిన లెక్క కంటే 3 షాట్లు తక్కువ) కొట్టి 12వ స్థానంల కూసుంటడు. అప్పటికి సగం మంది ఇంకా మొదలే పెట్టలే. వాళ్లల్ల ఓ ఇరవై మంది 4 అండర్, 5 అండర్ కొడితే ఆయన కిందికి జారుతడు. ఆయన ఆట చెడిపోలే, లెక్క ఇప్పుడు పూర్తయింది, అంతే. ఎఫ్ అంటే రౌండు అయిపోయిందని. అక్కడ 14 అని ఉంటే 14 హోల్స్ అయినయని. అంకె ముందు టీ ఉంటే ఆ స్థానంల ఇంకొకళ్లు గూడ సమంగ ఉన్నరని. పార్ కంటే తక్కువ ఉన్న స్కోరు ఎర్రగ చూపిస్తరు. 'ఈ' (E) అనే అక్షరం ఉంటే సరిగ్గ పార్.

చుక్క గుర్తును చాలామంది పట్టించుకోరు గని అదే అసలైంది. మొదటి రెండు రోజులు సగం గ్రూపులు 1వ టీ (హోల్ మొదలుపెట్టే చోటు) నుంచి, సగం 10వ టీ నుంచి దిగుతయి. చుక్క ఉన్నదంటే 10 నుంచి మొదలుపెట్టిండని అర్థం. అట్లాంటోనికి 9 హోల్స్ అయినయంటే ముందట మిగిలింది 1 నుంచి 9 వరకు, 18వ హోల్ కాదు. ఇది తెల్వక "ఇంక 18ల బర్డీ వస్తది" అని (బర్డీ అంటే ఆ హోల్ పార్ కంటే ఒకటి తక్కువ) కూసుంటే వాని ఆట 9వ హోల్ దగ్గర్నే ముగుస్తది.

గురువారం పొద్దున దిగినోడు శుక్రవారం మధ్యాహ్నం దిగుతడు, గురువారం మధ్యాహ్నం దిగినోడు శుక్రవారం పొద్దున. కాబట్టి ఒక్క టీ టైమ్ తెలిస్తే రెండోది సుమారుగ తెలిసినట్టే.

ఇగ మన గడియారం. న్యూయార్క్ వైపు టోర్నీ అయితే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా మనం తొమ్మిదిన్నర గంటలు ముందు, మిగతా నెలల్ల పదిన్నర. కాలిఫోర్నియా అయితే ఇంకో మూడు గంటలు కలుపు. బ్రిటన్‌ల వేసవిల జరిగే ఓపెన్‌కు తేడా నాలుగున్నర గంటలే, మన పొద్దటి నుంచి రాత్రి దాకా హాయిగ చూడొచ్చు. అమెరికాల జరిగే మాస్టర్స్ టోర్నీల ఆదివారం చివరి జంట అక్కడ మధ్యాహ్నం రెండున్నర దాటినంక దిగితే మనకు అర్ధరాత్రి, ముగిసేసరికి సోమవారం తెల్లారుజామున నాలుగు దాటుతది. రాత్రంతా మేలుకునే బదులు పడుకొని, చివరి తొమ్మిది హోల్స్ కోసం రెండింటికి అలారం పెట్టుకో.

శని, ఆదివారాల్ల పద్ధతి వేరు. మామూలుగ జంటలుగ పంపుతరు, వెనకబడ్డోళ్లు ముందు, ముందున్నోళ్లు ఆఖర్న. అంటే మనోడు ఎంత తొందరగ దిగుతున్నడో చూస్తేనే ఎక్కడున్నడో తెలుస్తది. వాన, మెరుపులు ఉంటయని భయం ఉంటే మాత్రం మళ్లీ ముగ్గురేసి, రెండు టీల నుంచి పంపుతరు.

మానేరు_గట్టు:

లోకోషెడ్ గారు చెప్పింది సరే, కానీ కట్ (రెండు రోజులయ్యాక ఎవరు మిగులుతారో తేల్చే గీత) గురించి చెప్పకపోతే శుక్రవారం రాత్రి ఏమీ అర్థం కాదు. 36 హోల్స్ అయ్యాక పీజీఏ టూర్‌లో (అమెరికా టోర్నీలు), డీపీ వరల్డ్ టూర్‌లో (యూరప్ వాళ్లది) మామూలుగా మొదటి 65 మంది, 65వ స్థానంలో సమంగా ఉన్నవాళ్లంతా శని, ఆదివారాలు ఆడతారు. మిగతావాళ్లు సూట్‌కేస్ సర్దుకోవాల్సిందే. మాస్టర్స్‌లో 50, యూఎస్ ఓపెన్‌లో 60, బ్రిటన్ ఓపెన్‌లోనూ పీజీఏ ఛాంపియన్‌షిప్‌లోనూ 70, అన్నిచోట్లా సమానులతో కలిపి. తక్కువ మందిని పిలిచే కొన్ని పెద్ద టోర్నీల్లో అసలు కట్ అనేదే ఉండదు.

లీడర్‌బోర్డు మధ్యలో అడ్డంగా కనపడే గీత అంచనా మాత్రమే, నిమిషానికోసారి మారుతుంది. ఉదాహరణకు గీత ఈవెన్ (సరిగ్గా పార్) దగ్గరుంది, మనవాడు 1 ఓవర్, నాలుగు హోల్స్ మిగిలాయి. ఇక్కడ రెండు చూడాలి. ఆ నాలుగింటిలో పార్ 5 (ఐదు షాట్ల లెక్క ఉన్న పొడవైన హోల్) ఉందా? మధ్యాహ్నం విడత స్కోర్లు ఎటు పోతున్నాయి? గాలి పెరిగి అందరూ బోగీలు (పార్ కంటే ఒకటి ఎక్కువ) కొడుతుంటే గీతే 1 ఓవర్‌కు దిగి వస్తుంది, మనవాడు పార్‌లు కొడుతూ కూర్చున్నా గట్టెక్కుతాడు. గీత సరిగ్గా మనవాడి స్కోరు మీదే ఉంటే చివరి గ్రూపు ముగిసేదాకా నిద్ర లేనట్టే.

స్కోరును టోర్నీతో పోల్చి చూడాలి, అంకెను ఒంటరిగా చూస్తే మోసపోతాం. గురుగ్రామ్ డీఎల్ఎఫ్ కోర్సు మీదే ఇండియన్ ఓపెన్ 2024లో కీటా నకజిమా 17 అండర్‌తో గెలిచాడు, 2025లో యూజీనియో చకార్రా 4 అండర్‌తో గెలిచాడు. అదే కోర్సు, అదే మార్చి నెల. గాలి, రఫ్ (పక్కల పెంచే గడ్డి) పొడవు, జెండా పెట్టిన చోటు మారితే ఇంత తేడా వస్తుంది.

మనవాడు నిజంగా బాగా ఆడుతున్నాడా, పుట్లు (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి, అంటే గ్రీన్ మీద కొట్టే షాట్లు) పడి నెట్టుకొస్తున్నాడా అన్నది తెలియాలంటే పీజీఏ టూర్ యాప్‌లో స్ట్రోక్స్ గెయిన్డ్ (సగటు కంటే ఎన్ని షాట్లు లాభమో, నష్టమో) అంకెలు చూడండి. లెక్క సులువే. 8 అడుగుల దూరం నుంచి ఆ స్థాయి ఆటగాళ్లు సుమారు సగం సార్లు ఒకే పుట్‌తో బంతిని హోల్‌లో వేస్తారు, అంటే సగటు 1.5 స్ట్రోకులు. వేస్తే అర స్ట్రోకు లాభం, తప్పితే అర స్ట్రోకు నష్టం. ప్రతి షాట్‌నూ ఇట్లాగే కొలుస్తారు. గురువారం పుటింగ్‌లో 4 స్ట్రోకులు లాభం, అప్రోచ్‌లో (గ్రీన్ మీదికి కొట్టే షాట్లలో) 1 నష్టం అని కనపడితే నేనైతే ఆశలు పెట్టుకోను. పుటింగ్ వేడి మర్నాటికి చల్లారొచ్చు, ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్) షాట్లు బాగా పడుతుంటే అది కొన్ని రోజులు నిలుస్తుంది.

మన అనిర్బన్ లాహిరి ఆడే లివ్ అనే వేరే లీగ్‌కు ఇవేవీ పూర్తిగా వర్తించవు. అక్కడ కట్ లేదు, అందరూ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలుపెడతారు.

ఓరుగల్లు_తోరణం:

నేను రెండో ప్రశ్నకు వస్తాను, అదే ఎక్కువ చెప్పాల్సింది. ఆటగాడి వెనకాల నడవకండి, ముందు నడవండి. కోర్సు మీద మనోణ్ణి ఫాలో కావడమంటే ఇంతే.

ఎందుకంటే ముగ్గురి గ్రూపుకు రౌండు నాలుగున్నర నుంచి ఐదు గంటలు. అందులో ఒక్కొక్కడు బంతి దగ్గర నిలబడే సమయం నిమిషం కూడా ఉండదు. వెనకాల పోతే మీరు చేరేసరికి షాట్ అయిపోతుంది. కాబట్టి మనవాడు 1వ హోల్ గ్రీన్ మీద పుట్ కొడుతుండగానే మీరు 2వ హోల్లో టీ నుంచి 250, 270 మీటర్ల దూరంలో తాడు పక్కన నిలబడి ఉండాలి. డ్రైవర్‌తో (టీ నుంచి దూరం కొట్టే క్లబ్) కొట్టిన బంతి పడేది ఆ చుట్టుపక్కలే. బంతి మీ ముందే పడుతుంది, క్యాడీతో (బ్యాగు మోసే సహాయకుడు) మాట్లాడేది వినపడుతుంది, ఏ ఐరన్ తీశాడో కనపడుతుంది. ఆ రెండో షాట్ కొట్టగానే గ్రీన్ వైపు కదలకుండా నేరుగా తర్వాతి హోల్‌కు వెళ్లండి. ఒక హోల్ గ్రీన్ దాకా పూర్తిగా చూడండి, తర్వాతిది ఇట్లా సగంలో దాటేయండి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ సరిగ్గా చూడరు.

తాడు దాటడానికి క్రాస్‌వాక్‌లు ఉంటాయి, గ్రూపు దగ్గరికి రాగానే మార్షల్స్ (జనాన్ని అదుపు చేసేవాళ్లు) వాటిని మూసేస్తారు. అవతలి పక్కకు పోవాలనుకుంటే మనవాడు టీ మీద ఉన్నప్పుడే దాటాలి, లేకపోతే పది నిమిషాలు అక్కడే ఇరుక్కుంటారు.

దూరం నుంచి గుర్తుపట్టడానికి పొద్దున్నే వేసుకున్న చొక్కా, టోపీ రంగు రాసుకోండి. అంతకంటే తేలిక క్యాడీని చూడటం. క్యాడీ వేసుకున్న బిబ్ (పైన వేసుకునే చేతుల్లేని చొక్కా) మీద వీపు వైపు ఆటగాడి ఇంటిపేరు ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే 8x42 చాలు, ఇంకా పెద్దది చేతిలో వణుకుతుంది. గ్రూపుతో పాటు స్కోరు బోర్డు పట్టుకుని నడిచే పిల్లలుంటారు, ముగ్గురి స్కోరూ దాని మీదే చూడొచ్చు.

గురు, శుక్రవారాలే మీకు మంచివి. జనం తక్కువ, అప్పుడప్పుడే పైకొస్తున్న మన కుర్రాళ్ల వెంట ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పెద్ద పేరున్నవాడి గుంపు వెంట పడితే మేడారం జాతరే, వీపులు తప్ప ఏమీ కనపడవు. అట్లాంటి వాడిని చూడాలంటే టీ టైమ్‌కు గంట ముందు ప్రాక్టీస్ రేంజ్ దగ్గర నిలబడండి. వెడ్జ్‌తో మొదలుపెట్టి ఒక్కో క్లబ్ మారుస్తూ డ్రైవర్ దాకా వస్తాడు, తర్వాత పుటింగ్ గ్రీన్. నలభై నిమిషాలు మీ ముందే ఉంటాడు.

చేయకూడని వాటిలో అన్నిటికంటే చెడ్డది ఒకటుంది. మనవాడు పుట్ వేయగానే చప్పట్లు కొట్టి బయల్దేరటం. మిగతా ఇద్దరూ ఇంకా పుట్ కొట్టాలి, జనం కదులుతుంటే వాళ్లకు ఎంత చికాకో ఆలోచించండి. ఆఖరి బంతి హోల్‌లో పడేదాకా కదలొద్దు. మార్షల్ చేతులెత్తితే అడుగు మధ్యలో ఉన్నా ఆగిపోవాలి. పుట్ లైన్‌కు సూటిగా వెనక నిలబడొద్దు, సాయంత్రం పూట మీ నీడ ఎటు పడుతోందో చూసుకోండి.

హన్మకొండ_చౌరస్తా:

మస్తు సంగతులు చెప్పిన్రు అన్నా. ఫోన్ తీసుకపోవచ్చునా? బంతి మన కాళ్లకాడ వచ్చి పడితే ఏం చెయ్యాలె? నాన్న సంగతి ఎవ్వలు చెప్పలే.

ఓరుగల్లు_తోరణం:

ఫోన్ నియమం టోర్నీని బట్టి ఉంటుంది, టికెట్ మీద చదవండి. మాస్టర్స్‌లో లోపలికే రానివ్వరు. రానిచ్చిన చోట కూడా సైలెంట్‌లో, వైబ్రేషన్ కూడా ఆపి పెట్టండి. ఆటగాడు నిలబడ్డాక ఫొటో తీయొద్దు.

బంతిని ముట్టుకోవద్దు. నడుస్తున్న బంతి పొరపాటున మిమ్మల్ని తగిలి ఆగితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ఆడతాడు, ఎవరికీ పెనాల్టీ లేదు. ఆగి ఉన్న బంతిని మీరు కదిలిస్తే ఆటగాడికి పెనాల్టీ ఉండదు, మొదటి చోటే పెట్టుకుంటాడు. కానీ ఆ చోటు ఏదో అంచనా వేయడానికి రెఫరీని పిలవాల్సి రావొచ్చు, ఆట ఆగుతుంది. దూరం నుంచి "ఫోర్" అని కేక వినపడితే బంతి ఎక్కడుందా అని పైకి చూడొద్దు, తల మీద రెండు చేతులూ పెట్టుకుని వంగండి.

జమ్మికుంట_మార్కెట్:

నాన్నగారి గురించి నేను చెప్త. డీఎల్ఎఫ్ కోర్సు చదునుగ ఉండది, ఎత్తుపల్లాలు ఎక్కువ. తాళ్ల వెంబడి తిరిగి, గ్రీన్ నుంచి తర్వాతి టీకి నడిచేది కలిపితే 9, 10 కిలోమీటర్లు అయితది. ఆయనను నడిపియ్యకున్రి. 18వ గ్రీన్ కాడ గ్యాలరీ ఉంటే అక్కడ కూసోబెట్టున్రి. అది పార్ 5, ఈగిల్ (పార్ కంటే రెండు తక్కువ) గూడ చూడొచ్చు, బంతి నీళ్లల్ల పడేది గూడ చూడొచ్చు. ఎండ తలకాయ మీదికొచ్చేలోపు వచ్చే గ్రూపులకు ఏదన్న ఒక పార్ 3 గ్రీన్ పక్కన చెట్టునీడ మంచిది, టీ నుంచి హోల్ దాకా మొత్తం ఒక్కకాడి నుంచే కనపడతది. మడతకుర్చీ తెచ్చుకోనిస్తరా లేదా ముందే అడగున్రి. నువ్వు మనోని వెంట తిరుగు, రెండు మూడు హోల్స్‌కు ఒకసారి స్కోరు పట్టుకొని నాన్న కాడికి రా.

రైలు సంగతి, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున కాజీపేటల ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీ. అక్కడ ఎల్లో లైన్ మెట్రో ఎక్కి సికందర్‌పూర్‌ల దిగి ర్యాపిడ్ మెట్రోకు మారితే గోల్ఫ్ కోర్స్ రోడ్డు మీదనే దింపుతది. రైలు ఆలస్యమైతది, అందుకని గురువారం పొద్దటి విడత చూడాల్నంటే మంగళవారమే బయల్దేరున్రి. బుధవారం ఢిల్లీల ఉంటే ప్రో ఆమ్ (పెద్ద ఆటగాళ్లతోని మామూలోళ్లు గూడ కలిసి ఆడేది) గూడ చూడొచ్చు, సంతకాలు అడగాల్నంటే ఆ రోజే. గురువారం నుంచి రౌండు నడిచేటప్పుడు అడగొద్దు.

అంత దూరం పోయే ముందట ఒకసారి అలవాటు చేసుకోవాల్నంటే హైదరాబాద్ గోల్కొండ కోట పక్కన నయాఖిల్లా కోర్సు ఉన్నది. పీజీటీఐ (మన దేశపు ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్) వాళ్లు గోల్కొండ మాస్టర్స్ అక్కడ ఆడించిన్రు. అట్లాంటి టోర్నీ పడ్డప్పుడు చూసేటోళ్లను లోపలికి పంపుతరా అని క్లబ్బుకు ఫోన్ చేసి కనుక్కొని పోవాలె. మెహిదీపట్నం మీదికెళ్లి పోతే తేలిక. ఏనుగంత లావున్న ముసలి బావోబాబ్ చెట్టు, హతియాన్ ఝాడ్ అంటరు, అది గూడ ఆ దిక్కే ఉన్నది.

కాజీపేట_లోకోషెడ్:

ఒక్క మాట మర్చిపోయిన. సైరన్ మోగితే మెరుపులున్నయని అర్థం, ఆటగాళ్లు ఉన్నకాడనే ఆపుతరు, మీరు గూడ చెట్టు కిందికి ఉరకకుండ క్లబ్ భవనం దిక్కు పోవాలె. చీకటి పడి రౌండు ఆగితే మిగిలిన హోల్స్ మర్నాడు పొద్దున ఆడిపిస్తరు. అట్లాంటి పొద్దున లీడర్‌బోర్డుల మనోని పేరు పక్కన 15 అని ఆగి ఉంటే యాప్ చెడిపోయిందనుకోకున్రి, ఇంక మూడు హోల్స్ బాకీ ఉన్నయి. అవి ఆడినంకనే కట్ తేలుతది.