పీసీఎం బిల్లింగ్: హైదరాబాద్ నుంచి మాట్లాడిన నిమిషాలు లెక్కకు వస్తాయా?

ప్రశ్న (హైదరాబాద్, బిల్లింగ్ టీమ్)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా అమెరికా క్లయింట్లకు మెడికల్ బిల్లింగ్ చేస్తున్నాను. ఇప్పుడు మా టీమ్ చేతిలో ఉన్నది ఒక చిన్న ఊపిరితిత్తుల క్లినిక్. సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) వాళ్లే ఎక్కువ, దాదాపు అందరికీ మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. రెండు నెలల క్రితం వాళ్లు ప్రిన్సిపల్ కేర్ మేనేజ్‌మెంట్, అంటే పీసీఎం (ఒక పెద్ద దీర్ఘకాలిక జబ్బును విజిట్ల మధ్య కూడా నెలనెలా కనిపెట్టుకుని చూడటం) మొదలుపెట్టి, స్టాఫ్ నెలలో చేసిన 30 నిమిషాల పనికి వేసే 99426 కోడ్ వేయమన్నారు.

పేషెంట్లలో చాలామందికి సీఓపీడీతో పాటు షుగర్, బీపీ కూడా ఉన్నాయి. రెండు దీర్ఘకాలిక జబ్బులుంటే సీసీఎం (క్రానిక్ కేర్ మేనేజ్‌మెంట్) కదా, పీసీఎం ఎలా వేస్తాం? ఇంకోటి, ఒకావిడకు నెల మొత్తం కలిపితే 28 నిమిషాలే వచ్చింది. "30 చేసి పంపెయ్" అంటున్నారు.

అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇది. మా ఆఫీసులో నర్సింగ్ చదివిన అమ్మాయిలు ఇద్దరున్నారు. నైట్ షిఫ్ట్‌లో వాళ్లతో పేషెంట్లకు ఫోన్ చేయించి ఆ టైమ్ కూడా కలుపుతున్నారు. జనరల్ సూపర్‌విజన్ చాలు కాబట్టి స్టాఫ్ ఎక్కడున్నా ఫర్వాలేదని క్లినిక్ మేనేజర్ మాట. క్లెయిమ్ వెళ్లేది నా లాగిన్ నుంచి. నిద్ర పట్టడం లేదు.

జవాబు (న్యూజెర్సీ, చార్ట్ ఆడిట్ పని)

తమ్ముడూ, ముందు మూడోదానికి చెప్తాను. కలపకూడదు. జనరల్ సూపర్‌విజన్ అంటే స్టాఫ్ పనిచేసేటప్పుడు డాక్టర్ పక్క గదిలో ఉండక్కర్లేదని మాత్రమే. స్టాఫ్ ఇంటి నుంచి పనిచేసినా సరే, ఆ ఇల్లు అమెరికాలో ఉండాలి. దేశం బయట చేసిన సేవకు మెడికేర్ డబ్బు ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. కేర్ మేనేజ్‌మెంట్ కాల్స్‌కూ అదే వర్తిస్తుంది. ఆ అమ్మాయిలు ఎంత బాగా చదివినా, ఎంత ఓపికగా మాట్లాడినా ఆ నిమిషాలు సున్నా కిందే లెక్క. మీరు చేసే కోడింగ్, క్లెయిములు పంపడం, డినయల్స్ (తిరస్కరించిన క్లెయిములు) చూడటం వేరే సంగతి. అవి హైదరాబాద్ నుంచి చేయొచ్చు, కానీ వాటి టైమ్ 99426లో కలవదు. నిజానికి ఇక్కడ ఫ్రంట్ డెస్క్ వాళ్లు అపాయింట్‌మెంట్ పెట్టిన టైమ్ కూడా కలవదు. క్లినికల్ స్టాఫ్ చేసిన క్లినికల్ పనికే లెక్క.

ఇక రెండు జబ్బుల సంగతి. పేషెంటుకు ఎన్ని జబ్బులున్నాయని చూడొద్దు, ఈ డాక్టర్ దేన్ని పట్టుకుని చూస్తున్నాడో చూడండి. ఊపిరితిత్తుల డాక్టర్ సీఓపీడీ ఒక్కదాన్నే చూస్తుంటే, షుగర్ ఉన్నా అది పీసీఎమ్మే. అదే నెలలో ఫ్యామిలీ డాక్టర్ తన వైపు నుంచి సీసీఎం వేసుకోవచ్చు. ఒకే డాక్టర్ ఒకే పేషెంటుకు ఒకే నెలలో రెండూ వేయకూడదు, అంతే. 2025లో వచ్చిన ఏపీసీఎం (అడ్వాన్స్‌డ్ ప్రైమరీ కేర్ మేనేజ్‌మెంట్) కోడ్లకూ ఇదే నియమం.

కానీ సీఓపీడీ ఉన్న ప్రతివాళ్లూ పీసీఎంకు రారు. ఆ జబ్బు కనీసం 3 నెలలు ఉంటుందని అనుకునేదై ఉండాలి. ఆసుపత్రి పాలయ్యే, ఒక్కసారిగా ముదిరే, తన పనులు తాను చేసుకోలేని స్థితికి దిగజారే లేదా ప్రాణం పోయే ముప్పు గట్టిగా ఉండాలి. మందులు తరచూ మార్చాల్సి వస్తుండాలి, లేదా మిగతా జబ్బుల వల్ల చూడటం మరీ కష్టమవుతుండాలి. ఏడాదిగా ఒకే ఇన్‌హేలర్ మీద హాయిగా ఉన్నాయన్ని ఇందులో చేర్చితే ఆడిట్‌లో నిలబడదు.

28 నిమిషాలకు 99426 లేదు. రౌండ్ చేయడం, వచ్చే నెలకు మోయడం రెండూ కుదరవు. ఒక్కటి మాత్రం చూడండి: ఆ నెలలో డాక్టర్ తానే ఈ పేషెంటు గురించి ఫ్యామిలీ డాక్టర్‌తో ఓ ఐదు నిమిషాలు మాట్లాడి, అప్పుడే నోట్ రాసి ఉంటే, దాన్ని ఇంకే కోడుకూ వాడకపోతే, ఆ టైమ్ స్టాఫ్ టైమ్‌లో కలుస్తుంది. ఆఫీస్ విజిట్‌లో గడిపిన టైమ్ కలవదు. ఇప్పుడు కూర్చుని కొత్తగా నోట్ రాయించడం మాత్రం వద్దు. 99424 డాక్టర్ స్వయంగా చేసిన 30 నిమిషాలకు. 99424, 99426 రెండూ ఒకే డాక్టర్ పేరున ఒకే నెలలో వేయకూడదు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకా జీ2064, జీ2065 కనిపిస్తుంటే అవి 2020 నాటివి, 2022 నుంచి ఈ కొత్త నంబర్లే.

నోట్ ఎలా ఉండాలో కూడా చెప్పాలి, నేను ఎక్కువ క్లెయిములు పడిపోవడం చూసింది అక్కడే. "ఫాలో అప్ కాల్, 15 నిమిషాలు" అని రాస్తే ఏం చేశారో ఎవరికి తెలుస్తుంది? రెస్క్యూ ఇన్‌హేలర్ వారంలో ఎన్నిసార్లు వాడారు, కఫం రంగు మారిందా, డాక్టర్ స్టెరాయిడ్ ఎలా తగ్గించమన్నారు, ఆక్సిజన్ సరఫరా చేసేవాళ్లతో ఏం మాట్లాడారు, కేర్ ప్లాన్‌లో ఏం మారింది, ఇవన్నీ తేదీతో, చేసినవాళ్ల పేరుతో, నిమిషాలతో ఉండాలి. ఇద్దరు స్టాఫ్ పది నిమిషాలు చర్చించుకుంటే అది 20 కాదు, పదే. ఆ సీఓపీడీ ప్లాన్ కాపీ పేషెంటు చేతికి వెళ్లి ఉండాలి.

జవాబు (డాలస్, క్లినిక్ ఆఫీస్ మేనేజర్)

పైన అక్క చెప్పినదానికి కన్సెంట్ ఒకటి కలుపుతాను. నోటితో ఒప్పుకున్నా చాలు, కానీ చార్ట్‌లో రాసి ఉండాలి. పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టర్ ఫీజుల భాగం) డిడక్టిబుల్, అంటే ముందుగా పేషెంటే కట్టుకోవాల్సిన మొత్తం పోను 20 శాతం పేషెంటు మీద పడుతుందని, ఎప్పుడైనా మానుకోవచ్చని ముందే చెప్పాలి. కొత్త పేషెంటైనా, డాక్టర్ ఏడాదిగా చూడకపోయినా ముందు ఒక విజిట్ జరగాలి.

నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట కన్సెంట్ నోట్లు లేక, ఏడాది క్లెయిములు వెనక్కి తీసి డబ్బు తిరిగి కట్టారు. అంతకంటే నన్ను బాధపెట్టింది పేషెంట్ల ఫోన్లు. పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన మన పెద్దవాళ్లు కూడా ఉండేవారు. "అమ్మా, నేను ఆ నెల డాక్టర్ దగ్గరికే రాలేదు, ఈ బిల్లు దేనికి?" అని ఒకాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. అలాగని అందరికీ ఆ 20 శాతం మాఫీ చేయడం కూడా కుదరదు, అది కిక్‌బ్యాక్ చట్టం (పేషెంట్లను రప్పించుకోవడానికి లాభాలు ఇవ్వకూడదనే చట్టం) కిందకు వస్తుంది. క్యూఎంబీ (తక్కువ ఆదాయం ఉన్న మెడికేర్ వాళ్లకు ప్రభుత్వ సాయం) ఉన్నవాళ్లకు మాత్రం ఆ బిల్లు పంపనే కూడదు.

మళ్లీ ప్రశ్న (హైదరాబాద్)

అక్కా, మా అమ్మాయిల టైమ్ కలిపిన క్లెయిములు పోయిన నెలలో 11 వెళ్లిపోయాయి. డబ్బు కూడా వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు (న్యూజెర్సీ)

కంగారుపడకు, కానీ ఆలస్యం చేయకు. ఆ 11 చార్టులు తీసి, మీ వాళ్ల నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ కూడు. అమెరికా స్టాఫ్ టైమ్ ఒక్కటే 30 నిండితే క్లెయిమ్ నిలుస్తుంది. నిండనివి ఎక్కువగా వచ్చిన డబ్బు కింద లెక్క. గుర్తించాక 60 రోజుల్లో తిరిగి కట్టాలి. నిజాయితీగా విచారణ మొదలుపెడితే దానికి 180 రోజుల వరకూ గడువు ఆగుతుంది. తెలిసీ ఉంచుకుంటే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ (ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పెట్టడంపై ఉన్న చట్టం) దాకా పోతుంది. కట్టాల్సింది క్లినిక్ కాబట్టి డాక్టర్‌కూ మీ కంప్లయన్స్ ఆఫీసర్‌కూ ఈమెయిల్‌లో రాయి, ఫోన్‌లో చెప్పి ఊరుకోకు. పాత నోట్‌లో ఒక్క అక్షరం మార్చకు. ఆ పేషెంట్లు 20 శాతం కట్టి ఉంటే వాళ్లకూ తిరిగి ఇవ్వాలి.

హైదరాబాద్

కూడి చూశాను అక్కా. 11లో 4 నిలుస్తాయి, 7 నిలవవు. లిస్టుతో ఇద్దరికీ ఈమెయిల్ పెట్టాను. రాత్రి కాల్స్ ఈ రోజు నుంచే ఆపించాం. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.